నీటి హక్కు, పూడిక బాధ్యత: నేలకొండపల్లి నేర్పే పాఠం

అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో వున్న పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 2010-11 విద్యా సంవత్సరాన్ని 'నీటి సంవత్సరం'గా జరుపుకున్నది. ఏటా ఒక విషయాన్ని ఎన్నుకొని, ఏడాది పొడవునా వేర్వేరు శాఖలవారు దానిని తమ తమ కోణాల నుండి పరిశీలించటం అప్పట్లో ఆ సంస్థ పాటించిన ఆనవాయితీ. ఆ విద్యా సంవత్సరం మొదలు కాబోతున్న వేళ, 2010 జూలై 28వ తేదీన, ఐక్యరాజ్య సమితి సర్వప్రతినిధి సభ తాగునీటిని, పారిశుద్ధ్యాన్ని మానవ హక్కుగా గుర్తిస్తూ తీర్మానం చేసింది. అనుకూలంగా 122 దేశాలు ఓటు వేశాయి. వ్యతిరేకంగా ఒక్క దేశమూ వేయలేదు. 41 దేశాలు తటస్థంగా వుండిపోయాయి.

ఈ రెండు సంగతులూ సంతోషించదగినవే. అయితే నీరు ఎవరి హక్కో తేలిన తరువాత మరొక ప్రశ్న మిగిలే వుంటుంది. ఆ నీరు పారే కాలువలో పూడిక ఎవరు తీయాలి? ఆ ఖర్చు ఎవరు భరించాలి? కాలువ చివరి పొలానికి నీరు చేరకపోతే ఎవరిని అడగాలి? ఈ ప్రశ్నలకు మన ఫిఖ్హ్ గ్రంథాలు శతాబ్దాల క్రితమే ప్రత్యేక అధ్యాయాలు కేటాయించాయి. మన తెలంగాణా గ్రామాలు వీటికి తమ ఆచారంలోనే జవాబు చెప్పుకున్నాయి. ఆధునిక విశ్వవిద్యాలయం ఇంజనీరింగు శాస్త్రాన్ని తెచ్చింది. ఈ మూడూ ఒకదానికొకటి ఎడమైనప్పుడు ఏమి జరిగిందో తెలుసుకోవటానికి ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి తగిన చోటు.

నేలకొండపల్లి నేల

ఖమ్మం నుండి కోదాడ వెళ్ళే దారిలో నేలకొండపల్లి వస్తుంది. తూర్పున భద్రాచలం అడవులు, పడమట నల్లగొండ మెట్టభూములు, ఈ రెంటి నడుమ వున్న సీమ ఇది. పురావస్తు శాఖవారి తవ్వకాల్లో ఇక్కడ క్రీ.శ. 3, 4 శతాబ్దాలకు చెందిన బౌద్ధ మహాస్తూపం, విహారాల పునాదులు, కంచు బుద్ధ విగ్రహం బయటపడ్డాయి. వాటితోపాటు బావులు, నీటి తొట్లు కూడా బయటపడ్డాయి. స్తూపాన్ని చూడటానికి వచ్చేవారు ఈ బావుల సంగతి అంతగా పట్టించుకోరు. కాని ఒకచోట వందల మంది భిక్షువులు నివసించాలంటే ముందుగా నీటి ఏర్పాటు వుండాలి. కనుక ఈ ఊరి చరిత్రలో నీటికి స్తూపమంత వయస్సు వున్నది.

తెలుగువారికి నేలకొండపల్లి అనగానే మరొక పేరు స్ఫురిస్తుంది. భక్త రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న జన్మస్థలం ఇదే. గోల్కొండ చివరి సుల్తాను అబుల్ హసన్ తానాషా (1672-1687) కాలంలో ఆయన భద్రాచలం ప్రాంతానికి తహసీల్దారు. సర్కారు సొమ్ముతో ఆలయం కట్టించిన కారణంగా గోల్కొండ ఖైదులో వుండవలసి వచ్చిన కథ అందరికీ తెలిసినదే. ఆ తహసీల్దారు పేరు ఇప్పుడొక నీటి పథకానికి పెట్టారు. పాలేరు జలాశయం నుండి నీటిని ఎత్తిపోసి మెట్ట గ్రామాలకు అందించే భక్త రామదాసు ఎత్తిపోతల పథకానికి 2016 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. 2017 జనవరి 31న అది ప్రారంభమైంది. దాని లక్ష్యం సుమారు 60 వేల ఎకరాలు.

ఆ పాలేరు జలాశయానికి కూడా రెండు జన్మలున్నాయి. మొదట అది నిజాం రాజ్యకాలపు నిర్మాణం. తరువాత నాగార్జునసాగర్ ఎడమ కాలువ, అనగా లాల్ బహదూర్ కాలువ, ఈ మార్గాన రావటంతో అది ఆ కాలువకు సమతుల్య జలాశయమైంది. దాని నిలువ సామర్థ్యం సుమారు 2.5 టి.ఎం.సి.లు. సాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు వదిలారు. ఈ విధంగా బౌద్ధ విహారపు బావి, గ్రామ చెరువు, నిజాం నాటి జలాశయం, స్వతంత్ర భారతపు మహా కాలువ, నేటి ఎత్తిపోతల పథకం అన్నీ కొద్ది మైళ్ళ వ్యవధిలో కనిపిస్తాయి.

మదరసాలో నీటి పాఠం

మదరసాలో చదువుకున్న ప్రతి విద్యార్థికీ ఫిఖ్హ్ పాఠం నీటితోనే మొదలవుతుంది. ఏ నీటితో వుజూ చెల్లుతుంది, ఏ నీటితో చెల్లదు అన్నది తహారత్ అధ్యాయంలోని తొలి చర్చ. పది మూరల పొడవు, పది మూరల వెడల్పు గల హౌజుకు ఒక ధర్మం, చిన్న కుండలోని నీటికి మరొక ధర్మం. నేను కూడా ఆ లెక్కలు కంఠస్థం చేసినవాణ్ణే. తరువాత విశ్వవిద్యాలయంలో చేరినప్పుడు నీటిపారుదల చరిత్ర చదవవలసి వచ్చింది. ఆ పుస్తకాల్లో ఆనకట్టల ఎత్తులు వున్నాయి, ఎకరాల లెక్కలు వున్నాయి, మదరసాలో చదివిన మాట ఒక్కటీ లేదు. మదరసాలోనేమో చెరువు మాటే లేదు. రెండు చోట్లా నీటి గురించే చెప్పారు, కాని ఒకరి సంగతి మరొకరికి తెలియదు.

నిజానికి మన గ్రంథాల్లో నీటి ధర్మం వుజూతో ఆగిపోలేదు. దివ్య ఖుర్ఆన్‌లో సాలిహ్ ప్రవక్త (అలై) వృత్తాంతం వున్నది. ఆయన జాతివారికీ, ఆ ఒంటెకూ నీరు తాగటానికి వేర్వేరు రోజులు వంతుగా నిర్ణయించబడ్డాయి. అక్కడ నీటి వంతును సూచించే పదం 'షిర్బ్'. తరువాతి కాలపు ఫుఖహాలు పొలానికి రావలసిన నీటి వాటాకు ఇదే పదాన్ని పారిభాషిక పదంగా వాడుకున్నారు. మనుషులకూ, పశువులకూ దాహం తీర్చుకునే హక్కుకు 'షఫా' అని పేరు. షఫా అంటే పెదవి. పెదవి తడుపుకునే హక్కు వేరు, పొలం తడుపుకునే హక్కు వేరు. మొదటిది అందరిదీ. రెండవది వాటాదారులది.

నీరు, పచ్చిక, అగ్ని అనే మూడింటిలో ప్రజలందరూ భాగస్వాములని దైవప్రవక్త (స) బోధించినట్లు హదీసు గ్రంథాల్లో వున్నది. మదీనాలో రూమా అనే బావి వుండేది. దాని నీరు డబ్బు పెట్టి కొనుక్కోవలసి వచ్చేది. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన సొమ్ముతో ఆ బావిని కొని అందరికోసం వక్ఫ్ చేశారు. ఇక పొలాల సంగతి. మదీనా సమీపంలోని మహ్‌జూర్, ముజైనిబ్ అనే వాగుల విషయంలో, ఎగువ పొలం వాడు చీలమండల లోతువరకు నీరు నిలుపుకొని తరువాత దిగువ వాడికి వదలాలని ప్రవక్త (స) తీర్పు చెప్పారు. హజ్రత్ జుబైర్ (రజి)కీ, ఒక అన్సారీకీ ఒక కాలువ విషయమై వివాదం వచ్చింది. జుబైర్ పొలం ఎగువన వున్నది. ముందు తడుపుకొని వెంటనే పొరుగువాడికి వదలమని ప్రవక్త (స) మెత్తగా సర్ది చెప్పారు. అవతలి వ్యక్తి పక్షపాతం అంటగట్టినప్పుడు మాత్రం జుబైర్‌కు పూర్తి హక్కు ఎంతవరకో అంతవరకూ నిర్ణయించారు. మొదట చెప్పినది సద్భావం, తరువాత చెప్పినది చట్టం. కాలువ మీద ఈ రెండూ అవసరమే అని ఈ ఘటన నేర్పుతుంది.

పూడిక ఎవరు తీయాలి?

హనఫీ ఫిఖ్హ్‌లో సుప్రసిద్ధమైన 'హిదాయా' గ్రంథాన్ని రచించినవారు ఇమామ్ మర్‌గీనానీ (మరణం హి.శ. 593, క్రీ.శ. 1197). ఈ గ్రంథాన్ని ఛార్లెస్ హామిల్టన్ 1791లో ఇంగ్లీషులో ప్రచురించాడు. భారతదేశపు న్యాయస్థానాల్లో చాలాకాలం దాన్నే ఆధారంగా తీసుకున్నారు. బీడు భూమిని సాగులోకి తెచ్చే అధ్యాయంలోనే నీటి హక్కులు, కాలువ తవ్వకం, పూడికతీత చర్చకు వస్తాయి.

అందులో ప్రవాహాలు మూడు రకాలు. టైగ్రిస్, యూఫ్రటీస్ వంటి మహానదులు ఎవరి సొత్తూ కావు. వాటి పూడిక తీయించవలసినది పాలకుడు, బైతుల్ మాల్ ఖర్చుతో. ఖజానాలో సొమ్ము లేకపోతే ప్రజల చేత చేయించే అధికారం కూడా పాలకునికి వున్నది. రెండవ రకం, అనేకమందికి వాటాలున్న పెద్ద కాలువలు. మూడవ రకం, కొద్దిమందికి మాత్రమే చెందిన చిన్న కాలువలు. ఈ రెండింటి పూడిక వాటాదారులే తీసుకోవాలి. పదిమందికి చెందిన కాలువలో ఒకడు మొండికేస్తే అతని చేత బలవంతంగానైనా చేయించవచ్చు, ఎందుకంటే అతని ఉపేక్ష వల్ల తక్కినవారందరికీ నష్టం. కేవలం దాహం తీర్చుకునే హక్కు గలవారి మీద ఈ భారం లేదు. వారు లెక్కకు అందనంతమంది.

ఇక్కడొక భేదాభిప్రాయం చాలా విలువైనది. ఉమ్మడి కాలువ పూడిక ఎగువనుండి తీసుకుంటూ వస్తున్నారనుకుందాం. పని ఒకరి పొలం దాటిన తరువాత ఆ వ్యక్తి బాధ్యత తీరిపోతుందని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అభిప్రాయం. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) దీనికి భిన్నంగా చెప్పారు. మొదటినుండి చివరివరకు మొత్తం ఖర్చు వాటాదారులందరి మీదా వారి వారి వాటాల ప్రకారం పడుతుందన్నారు. గురువుగారి వాదానికి ఆధారం యాజమాన్యం: తన పొలం దాటిన కాలువతో తనకేమి పని? శిష్యుల వాదానికి ఆధారం అవసరం: ఎగువ వాడికి ఎక్కువైన నీరు పోవటానికి దిగువ కాలువ బాగుండాలి గదా! వరద వచ్చినప్పుడు దిగువ మూసుకుపోతే మునిగేది ఎగువ పొలమే. కాలువ చివరి పొలం వాడి పక్షాన ఇంత స్పష్టంగా మాట్లాడిన వాదన మరెక్కడా నేను చదవలేదు.

మరొక నియమం కూడా గమనించదగినది. తక్కిన వాటాదారులు ఒప్పుకుంటే తప్ప ఎగువ వాడు కాలువకు అడ్డుకట్ట వేసి నీటిని తనవైపు మళ్ళించుకోరాదు. నీరు పారటానికి పొరుగువాడి భూమి అడ్డం వచ్చినప్పుడు ఏమి చేయాలన్న దానికి హజ్రత్ ఉమర్ (రజి) తీర్పు వున్నది. జహ్హాక్ అనే ఆయన తన కాలువను ముహమ్మద్ బిన్ మస్‌లమా భూమి గుండా తీసుకుపోదలచాడు. అవతలివారు ఒప్పుకోలేదు. ఇద్దరికీ లాభమే కలిగే పనిని ఎందుకు కాదంటావని అడిగి, అవసరమైతే నీ పొట్టమీదుగానైనా ఆ కాలువ పోవలసిందేనని ఉమర్ (రజి) గట్టిగా చెప్పారు.

దక్కనులో కలిసిన మాటలు

ఈ ధర్మాలు దక్కనుకు వచ్చేనాటికే ఇక్కడ చెరువుల సంప్రదాయం బలంగా పాతుకొని వున్నది. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు ఈనాటికీ నిలిచి వున్నాయి. చెరువు తవ్వించినవారికీ, దానిని బాగుచేస్తూ కాపాడేవారికీ ఆయకట్టులో కొంత భూమిని మాన్యంగా ఇచ్చే ఆచారం వుండేది. శాసనాల్లో దానికి దశబంధమని పేరు. హక్కును పూడిక పనితో ముడివేయటమే దశబంధపు సారాంశం. 'హిదాయా'ను చూడని రెడ్డీ, శాసనం చదవని ఖాజీ, ఇద్దరూ ఒకే నిర్ణయానికి వచ్చారన్నమాట.

ముస్లిం పాలకులు ఈ సంప్రదాయాన్ని చెరపలేదు, దానికి కొత్త విద్యలు జోడించారు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా కాలంలో 1562 ప్రాంతంలో హుస్సేన్ షా వలీ పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ తయారైంది. భూమిలోపలి నీటిని సొరంగ మార్గాన తెచ్చే విద్య మీద 11వ శతాబ్దపు ఆరంభంలోనే అల్ కరజీ ఒక అరబ్బీ గ్రంథం రచించాడు. ఆ ఇరానీ విద్యే బహమనీల బీదరులో కరేజ్‌గా, మలిక్ అంబర్ కట్టించిన ఔరంగాబాదు నహరుగా మన దక్కనులో రూపొందింది.

అనువాదకునిగా నన్ను ఎక్కువ ఆకర్షించేది ఈ కాలంలో మాటలు ఒకదానితో ఒకటి కలిసిన తీరు. తెలంగాణా రెవెన్యూ లెక్కల్లో చెరువు ముంపు భూమిని 'శిఖం' అంటారు. అది పారశీకంలోని 'శికమ్', అంటే పొట్ట. చెరువు కడుపులోని భూమి అది. వానాకాలపు వరి 'ఆబీ', వేసంగి వరి 'తాబీ'. ఆబ్ అంటే నీరు, తాబ్ అంటే వేడి. మాగాణి 'తరీ', మెట్ట 'ఖుష్కీ'. కాని కట్ట, తూము, అలుగు, మత్తడి, ఆయకట్టు మాత్రం తెలుగు మాటలుగానే వుండిపోయాయి. లెక్కలు రాసే మాటలు పారశీకం, పని చేసే మాటలు తెలుగు. పట్వారీకీ, నీరటికీ రెండూ తెలుసు. కాలువ నీరు వంతులుగా పంచే పద్ధతిని ఈనాటికీ ఇంజనీర్లు 'వారబందీ' అంటారు. పల్లెలో రైతు దాన్నే 'వంతు' అంటాడు. మదరసాలో మేము చదివిన 'షిర్బ్' కూడా అదే.

ఉస్మానియా, అలీ నవాజ్ జంగ్

1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరద హైదరాబాదు నగరాన్ని ముంచివేసింది. సుమారు 15 వేల మంది మరణించారని అంచనా. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాల ఫలితంగా ఉస్మాన్ సాగర్ 1920లోను, హిమాయత్ సాగర్ 1927లోను పూర్తయ్యాయి. ఇవే సంవత్సరాల్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసింది. 1917లో దారుత్తర్జుమా, అంటే అనువాద కార్యాలయం, ఏర్పడింది. 1918లో విశ్వవిద్యాలయం స్థాపన జరిగింది. 1929లో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమైంది. ఒక భారతీయ భాషలో, అనగా ఉర్దూలో, ఆధునిక శాస్త్రాలన్నీ బోధించాలన్న సాహసం అది.

నీటి నిర్మాణాల్లో ఆ కాలపు మేటి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. మదరసా-ఎ-ఆలియాలోను, నిజాం కళాశాలలోను చదివి, ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగు కళాశాలలో శిక్షణ పొందారు. మంజీర మీద 1923-1931 మధ్య నిర్మితమైన నిజాంసాగర్ ఆయన కీర్తికి ముఖ్య చిహ్నం. మన పాలేరు, దాని పొరుగున వైరా కూడా ఆయన నిర్మాణాల జాబితాలోనివే. 1938లో జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి ఆయనే అధ్యక్షులు. 1949లో పరమపదించారు. తెలంగాణా ప్రభుత్వం ఆయన జన్మదినాన్ని ఇంజనీర్ల దినంగా జరుపుతున్నది.

ఇంత గొప్ప కృషిలోనూ ఒక లోటు జరిగింది. దాన్ని చెప్పకుండా దాటవేయటం చరిత్ర అనిపించుకోదు. ఉస్మానియా విద్య ఉర్దూలో సాగింది. తూము తీసే నీరటి, కట్ట మీద మట్టి పోసే కూలీ, పొలం తడుపుకునే రైతు, వీరిలో ఎక్కువమంది తెలుగువారు. ఇంజనీరింగు గ్రంథాలు ఇంగ్లీషునుండి ఉర్దూలోకి వచ్చాయి, అక్కడినుండి తెలుగులోకి రాలేదు. తెలుగు రైతు అనుభవం ఉర్దూలోకి పోలేదు. 1948 తరువాత బోధన ఉర్దూ నుండి ఇంగ్లీషుకు మారింది. దానితో ఆ కొద్దిపాటి వంతెన కూడా కూలింది. తెలుగులో పాఠ్యగ్రంథాల కోసం తెలుగు అకాడమి ఏర్పడటానికి 1968 దాకా ఆగవలసి వచ్చింది.

పూడిక పేరుకున్నది

నిజాంసాగర్ సామర్థ్యం కట్టినప్పుడు సుమారు 30 టి.ఎం.సి.లు. 1970ల నాటికి సగానికి పైగా పూడికతో నిండిపోయింది. తరువాత కట్ట ఎత్తు పెంచి కొంత సామర్థ్యం తిరిగి సంపాదించవలసి వచ్చింది. ఫిఖ్హ్ లెక్కలో ఇది మహానది కోవకు చెందినది, ఖర్చు ఖజానాదే. కాని గ్రామ చెరువు అటువంటిది కాదు. అది వాటాదారులది. ఇరవయ్యో శతాబ్దంలో గ్రామ చెరువు కూడా క్రమంగా ప్రభుత్వ శాఖ చేతికి వెళ్ళింది. నీరు నాది, పూడిక సర్కారుది అనే భావం పల్లెల్లో స్థిరపడింది. నీరటి వ్యవస్థ సడలిపోయింది. అదే కాలంలో బోరుబావులు పెరిగాయి. ఎవరి బోరు వారికి వున్నప్పుడు ఉమ్మడి కాలువ ఎవరికి పట్టింది?

బావుల విషయంలో కూడా మన గ్రంథాలు మౌనంగా లేవు. ఒక బావి చుట్టూ మరొకరు తవ్వకూడని వలయాన్ని 'హరీమ్' అంటారు. పశువులకు నీరు పెట్టే బావికి హనఫీలు 40 మూరలు నిర్ణయించారు. ఒంటెతో తోడే సేద్యపు బావికి ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ (రహ్మ) లెక్క 60 మూరలు. ఊటకు 500 మూరలు. ఒకడి తవ్వకం మరొకడి నీటిని లాగివేయరాదన్నదే దీని ఉద్దేశం. 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన నీరు, భూమి, చెట్ల సంరక్షణ చట్టం బావుల మధ్య దూరం గురించి చెప్పినది కూడా ఈ ఉద్దేశంతోనే. చట్టం వచ్చేనాటికి బోర్లు మాత్రం లెక్కలు దాటిపోయాయి.

నష్టాన్ని సరిదిద్దే ప్రయత్నాలు జరగకపోలేదు. 1997లో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. కాలువ నిర్వహణలో రైతులకు భాగం కల్పించటమే దాని ఆశయం. 2015 మార్చి 12న తెలంగాణా ప్రభుత్వం మిషన్ కాకతీయను ప్రారంభించింది. రాష్ట్రంలో సుమారు 46 వేల చెరువులు, కుంటలు వున్నట్లు గుర్తించి పూడికతీత చేపట్టింది. చెరువు మట్టిని రైతులు తమ పొలాలకు తోలుకోవటం ఆ పథకంలోని మంచి అంశం. ఒక్కసారి తీసిన పూడిక శాశ్వతంగా పోదు గదా! మరుసటి వానకే మళ్ళీ మట్టి వచ్చి చేరుతుంది. ఏటేటా తీసేవారెవరన్న ప్రశ్న మాత్రం అట్లాగే వున్నది.

కొంతకాలం క్రితం నేలకొండపల్లి ప్రాంతంలోని ఒక చెరువు కట్ట మీద ఒక వృద్ధుడితో మాట్లాడాను. ఆయన తాత నీరటి. "సాయిబు గారూ, తూము ఎత్తేది గడియ పని. కాలవ తీసేదే యాడాది పని. ఇప్పుడు గడియ పనికి అందరూ వస్తరు, యాడాది పనికి ఎవ్వరూ రారు" అన్నాడు. "చివరి మడి వాడి సంగతేమిటి, పెద్దాయనా?" అని అడిగాను. "మా తాత ముందు చివరి మడికే నీళ్ళు పెట్టేటోడు. చివర పారినయంటే నడుమ పారినట్టే గదా!" అన్నాడు. అబూ యూసుఫ్, ముహమ్మద్‌ల వాదన అదే. కూఫాలో, బగ్దాదులో పండితులు అరబ్బీలో చర్చించిన మాటను ఈ కట్ట మీద ఒక తెలుగు నీరటి తన చేతిపనితో తేల్చివేశాడు.

2024 సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు పొంగి ఎన్నో బస్తీలు మునిగిన సంగతి పాఠకులకు గుర్తుండే వుంటుంది. పాలేరు పొంగి పొర్లింది. సాగర్ ఎడమ కాలువకు గండి పడింది. కరువు మెట్టకు నీరు ఎత్తిపోసే చోటే వరద విరుచుకుపడింది. ఇంతటి వానకు మనిషి అడ్డం పడలేడు. అయినా వచ్చిన నీరు పోయే దారులు ఎంత శుభ్రంగా వుంటే నష్టం అంత తగ్గుతుంది. నీటి కరువుకూ, నీటి ముంపుకూ మధ్య వున్నది చాలావరకు ఒక పూడిక తీసిన కాలువ.

విశ్వవిద్యాలయం చేయదగినది

మన విశ్వవిద్యాలయాలు కూడా ఒక సంవత్సరాన్ని నీటికి అంకితం చేయవచ్చు. ఏటా మార్చి 22న ప్రపంచ జల దినం జరుగుతూనే వున్నది. 1993 నుండి వస్తున్న ఆనవాయితీ అది. ఒక రోజు ఉపన్యాసాలతో సరిపెట్టుకోక ఒక ఏడాది పని పెట్టుకుంటే బాగుంటుంది. ఉస్మానియా, వరంగల్లులోని కాకతీయ, హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కలిసి చేయదగిన పని ఇది.

మొదటి పని మాటల సేకరణ. ఖమ్మం, నల్లగొండ, వరంగల్లు పల్లెల్లోని నీటి మాటలను, అవి తెలిసిన వృద్ధులు బతికి వుండగానే, అర్థాలతో సహా నమోదు చేయాలి. రెండవది అనువాదం. 'హిదాయా'లోని షిర్బ్ అధ్యాయాన్ని, అబూ యూసుఫ్ 'కితాబుల్ ఖరాజ్'లోని నీటి ప్రకరణాన్ని సులభమైన తెలుగులో తేవాలి. నిజాం నాటి ఉర్దూ నీటిపారుదల కాగితాలను కూడా తెలుగులోకి తేవాలి, అవి చెదలుపట్టక మునుపే. మూడవది లెక్క. ఒక్క మండలంలోనైనా, నేలకొండపల్లి అయినా సరే, ప్రతి చెరువుకూ వాటాదారులెవరు, కాలువ పొడవెంత, చివరి మడి ఎవరిది, పూడిక ఎప్పుడు తీశారు అన్నది విద్యార్థులు స్వయంగా వెళ్ళి రాసుకు రావాలి. ఆ పుస్తకం ప్రతి ఒకటి ఆ ఊళ్ళోనే వుండాలి.

ముస్లిం పాఠకులకు విడిగా ఒక మాట. మన మసీదుల్లో హౌజు వున్నది, బావి వున్నది, కొన్నిచోట్ల వక్ఫ్ చెరువులూ వున్నాయి. రూమా బావిని గురించి ప్రసంగాల్లో చెప్పుకుంటాము, మన బావిలోని పూడిక సంగతి మాత్రం మరచిపోతాము. షఫా హక్కు అందరిదీ కనుక ఆ బావి మీద పొరుగు హైందవునికీ, మనకూ సమాన హక్కున్నది. దానిని శుభ్రంగా వుంచే బాధ్యత దాని సంరక్షకులమైన మనది.

ఐక్యరాజ్య సమితి 2010లో గుర్తించినది షఫా. అది చాలా పెద్ద అడుగు. షిర్బ్, పూడికతీత అన్న రెండూ ఇంకా మిగిలే వున్నాయి. ఆ రెండింటి పరిష్కారం న్యూయార్కులో దొరకదు, పాలేరు కాలువ కట్ట మీద వెతకాలి. మన మదరసాలోని అరబ్బీ పుటనూ, ఇంజనీరు పటాన్నీ, ఆ నీరటి మనుమడి మాటనూ ఒకే బల్ల మీద పెట్టి చదవగల విద్యార్థులు తయారైతే ఆ నీటి సంవత్సరం సార్థకమవుతుంది. చివరి మడికి నీరు చేరేవరకు మన చదువు పూర్తయినట్టు కాదు. అల్లాహ్ మనకు ఆ సద్బుద్ధిని ప్రసాదించుగాక!